నెలకు ఎంత? – ఆన్‌లైన్ కుట్టు క్లాసుకు మేము ధర పెట్టిన కథ

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)

మాది గాజువాక సంఘం.

ఆన్‌లైన్ క్లాసు గురించి చెప్పమని మమ్మల్ని పిలిచారు. వీడియో ఎలా తీశాం, గ్రూపు ఎలా పెట్టాం అని చెప్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అవి మన పిల్లలకే మనకన్నా బాగా తెలుసు. మాకు చుక్కలు చూపించింది వేరే సంగతి. సభ్యత్వానికి నెలకు ఎంత తీసుకోవాలి? ఈ ఒక్క ముక్క మీద మా మినిట్స్ పుస్తకంలో నాలుగు తీర్మానాలున్నాయి. వాటిలో రెండు కొట్టేసి ఉన్నాయి. మాలో ఇద్దరు నెల రోజులు మాట్లాడుకోలేదు. ఒకామె సంఘమే వదిలేసి వెళ్లిపోబోయింది. ఈ ఏడాది పచ్చళ్లవాళ్లు, ట్యూషన్లవాళ్లు, చాలామంది నెలవారీ చందా పెట్టి ఆన్‌లైన్‌లో పని మొదలుపెడదామనుకుంటున్నారు కాబట్టి, మేము ఎక్కడ బోర్లా పడ్డామో అదే చెప్తాము.

2020లో లాక్‌డౌన్ అప్పుడు మా సంఘంలో కుట్టు తెలిసిన ఒక అక్క ఉంది, మేమంతా టైలరక్క అంటాం, ఆమె ఇంట్లో ఊరికే ఉండలేక జాకెట్టు పేపర్ కటింగ్ ఫోన్‌లో తీసి మాకు పంపేది. మేము చూసేవాళ్లం, మా చుట్టాలకు పంపేవాళ్లం. కూర్మన్నపాలెం, అగనంపూడి, పెదగంట్యాడ, అటు మల్కాపురం దాకా వెళ్లాయి ఆ వీడియోలు. 2022 ఆషాఢంలో దీన్నే క్లాసుగా పెడదామని తీర్మానం చేశాం. వారానికి రెండు లైవ్ క్లాసులు, ఒక వీడియో, మిగతా రోజుల్లో వాట్సాప్‌లో సందేహాలు. ఆషాఢమే ఎందుకంటే ఆ నెల పెళ్లిళ్లుండవు, టైలర్ల దగ్గర పని తక్కువ, ఇళ్లల్లోనూ తీరిక. ఆ ఒక్క లెక్క మాత్రం మాకు మొదటి నుంచీ సరిగ్గా కుదిరింది.

ధర దగ్గర కూర్చున్నాం. ఒకామె "ఫోను రీఛార్జి కంటే తక్కువుండాలి" అంది. ఇంకొకామె "యూట్యూబులో ఊరికే దొరుకుతుంటే మనకెవలిస్తారే డబ్బులు?" అంది. ఆ మాటకు అందరం బెదిరిపోయాం. 100 అన్న నోళ్లే 70 అన్నాయి, 70 అన్నవాళ్లు 50కి దిగారు. ఆఖరికి 49 రాశాం. ఎందుకు 49 అని అడిగితే ఇప్పటికీ మా దగ్గర జవాబు లేదు. భయమేసి పెట్టిన ధర అది.

మొదటి నెల 86 మంది కట్టారు. 86 పెట్టు 49, 4,214 రూపాయలు. సంఘం ఖాతాలో పడగానే మిఠాయి తెచ్చుకుని తిన్నాం. రెండో నెల 61 మంది. మూడో నెల 44. తగ్గుతున్నారేమిటా అనుకున్నాం గానీ, అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో చూడలేదు. అది టైలరక్క ఇంట్లో జరుగుతోంది. రాత్రి పదకొండుకు మెసేజి, "అక్కా, చెయ్యి ఎక్కట్లేదు". పొద్దున్న అయిదుకు ఫొటో, "అక్కా, చంక దగ్గర ముడత వస్తోంది". ఆమె మొహమాటస్థురాలు, అందరికీ జవాబు చెప్పేది. దసరాకి ఇస్తానన్న జాకెట్లు ఇవ్వలేకపోయింది. పదేళ్ల నుంచి ఆమె దగ్గరే కుట్టించుకునే ఇద్దరు వేరేచోటికి పోయారు. ఆ నెల ఆమె బ్యాంకు లింకేజీ వాయిదా కట్టలేకపోయింది.

మా సంఘంలో వాయిదా తప్పడం అదే మొదటిసారి. రూలు ప్రకారం ఆలస్య రుసుము రాశాం. ఆమె ఏమీ అనకుండా సంతకం పెట్టింది. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, తీసి చూసినప్పుడల్లా మాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే అప్పటికి మూడు నెలలుగా ఆమె చెప్పిన పాఠాల డబ్బు సంఘం ఖాతాలో ఉంది, ఆమె చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. సంఘం కోసం చేస్తోంది కదా అనుకున్నాం. రెండు రోజుల తర్వాత వచ్చి "నాను సంఘం మానేస్తాను, నా పొదుపు నాకిచ్చేయండి" అంది.

ఆ రోజు రాత్రి కూర్చుని మొదటిసారి గంటలు లెక్కేశాం. లైవ్ క్లాసులు, వాటికి ముందు సిద్ధం చేసుకోవడం వారానికి 6 గంటలు. వీడియో తీసి సరిచేయడం 4. వాట్సాప్ సందేహాలు రోజుకు 2 గంటల చొప్పున 14. మొత్తం 24 గంటలు, అంటే నెలకు కొంచెం అటూ ఇటూగా 100. మొదటి నెల, మాకు బాగున్న నెలే తీసుకుందాం: 4,214లో రీఛార్జి, గుడ్డ, చార్టులు కలిపి 950 ఖర్చు పోతే 3,264. వంద గంటలకు పంచితే గంటకు 32 రూపాయలు. ఆమె అదే కుర్చీలో కూర్చుని లైనింగ్ జాకెట్టు కుడితే మూడు గంటలకు 300 కూలి. అంటే గంటకు 100. మేము ఆమెకు పని కల్పించామనుకున్నాం. నిజానికి గంటకు 68 రూపాయలు ఆమె దగ్గరే తీసుకుంటున్నాం. ఆ డబ్బుతో 86 మందికి పాఠం చవగ్గా ఇచ్చాం.

అక్కలూ, ఇక్కడ ఒక్క మాట. బియ్యం కొంటే బిల్లు ఉంటుంది, గుడ్డ కొంటే బిల్లు ఉంటుంది. ఆడమనిషి గంటకు బిల్లు ఉండదు. అందుకే అది మన లెక్కల్లోకి రాదు. ఇంట్లో మగవాళ్లు ఆ లెక్క వెయ్యలేదని మనం మాట్లాడుకుంటాం, సంఘంలో మేమే వెయ్యలేదు. ఆలస్య రుసుము వెనక్కిచ్చేసి, మూడు నెలల మిగులు ఆమెకు ఇచ్చి, ఉండమని బతిమాలుకున్నాం.

అలా బుద్ధి వచ్చింది కదా, వెంటనే ఇంకో తప్పు చేశాం. హైదరాబాదులో ఎవరో ఆన్‌లైన్‌లో కుట్టు నేర్పుతూ నెలకు 499 తీసుకుంటున్నారని ఒకరు చూపించారు. వాళ్లకి లేనిదేంటి మనకి అని మేమూ 499 పెట్టేశాం. 44 మందిలో 11 మంది మిగిలారు.

మీరు నవ్వుతారు గానీ, డబ్బు తగ్గలేదు. 11 పెట్టు 499, 5,489. 86 మంది ఉన్నప్పటి కంటే ఎక్కువే. అందుకే గొడవ అయ్యింది. సగం మంది "డబ్బు ఎక్కువ, మనుషులు తక్కువ, ఇదే బాగుంది" అన్నారు. మిగతా సగం "వెళ్లిపోయిన 33 మంది ఎవరు? మన కాలనీల వాళ్లు, వాళ్ల కోసమే కదా పెట్టింది" అన్నారు. ఇద్దరు మాట్లాడుకోలేదని చెప్పాను కదా, ఈ విషయం మీదే. పైగా ఆ 11 మంది కూడా సుఖంగా లేరు, మమ్మల్ని సుఖంగా ఉండనివ్వలేదు. "499 కట్టాం, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలి" అనేవాళ్లు. ధర పెంచాం గానీ, ఆ ధరకు ఏమిస్తామో చెప్పలేదు. చెప్పకపోతే కొనేవాళ్లు వాళ్లకు కావలసినట్టు రాసుకుంటారు.

వెళ్లిపోయినవాళ్లకు ఫోన్లు చేశాం. ఇది మేము చేసిన పనుల్లో మంచి పని. పెదగంట్యాడ వైపు నుంచి ఒకామె చెప్పిన మాట మాకు కళ్లు తెరిపించింది. "డబ్బులేక కాదమ్మా. 49 అయితే నా చేతిలోంచి ఇచ్చేస్తాను. 499 అంటే ఇంట్లో అడగాల. అడిగితే, ఎందుకు, ఎవరికి, ఎన్ని రోజులు అంటారు. ఆ మాటలు పడలేక మానేశాను."

ఈ మాట మనకు కొత్తా? మన పొదుపు ఎక్కడ మొదలైందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది, ఆ ఊపులోనే అక్కడ పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. రోజుకు రూపాయి చొప్పున పొదుపు. రెండు కాదు, అయిదు కాదు. కూలికి పోయే మనిషి ఎవరినీ అడక్కుండా తీసిపెట్టగలిగేది ఆ రూపాయే. పెద్ద కంపెనీలకు కూడా చివరికి ఇదే దారి అయింది. నెట్‌ఫ్లిక్స్ 2016లో మన దేశానికి నెలకు 500తో వచ్చింది. 2019లో ఫోన్‌లో మాత్రమే చూసేవాళ్లకు 199 పెట్టింది, 2021 డిసెంబరులో దాన్నే 149 చేసింది. మన తెలుగు ఆహా 2020లో మొదలైనప్పుడు ఏడాదికి 365 అంది, అంటే రోజుకు రూపాయే. వాళ్లకు కోట్ల పెట్టుబడి ఉంటుంది, కొన్నేళ్లు నష్టానికి ఇచ్చినా తట్టుకుంటారు. మన టైలరక్క తట్టుకోలేదు. కాబట్టి వాళ్ల అంకె మనకు పనికిరాదు. వాళ్లు ఆ అంకెకు దిగివచ్చిన కారణం ఏమిటో అది మాత్రం తీసుకున్నాం.

అలాగని మళ్లీ 49కి వెళ్లలేం. మరి ఎంత? సభ్యులనే అడిగాం, ఎంతైతే కడతారు అని. అందరూ 20 అన్నారు, 30 అన్నారు. మన దగ్గర కూరగాయల బండివాడు అలా అడిగితే మనమూ అంతే చెప్తాం. ఆ ప్రశ్న అడక్కండి. తర్వాత ప్రశ్న మార్చాం. "పోయిన నెల మీరు ఏం కుట్టారు? టైలరుకిచ్చే కూలి ఎంత మిగిలింది? కూలికి కుడితే ఎంత వచ్చింది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాం. అప్పుడు బయటపడింది, మా దగ్గర ఉన్నది ఒక రకం సభ్యులు కాదు, రెండు రకాలు. ఒకరు తమ జాకెట్లు తాము కుట్టుకోవాలనుకునేవాళ్లు. నెలకు ఒక జాకెట్టు కుట్టుకున్నా వాళ్లకు 300 మిగులు. రెండో రకం ఇప్పటికే మిషన్ పెట్టుకుని ఊళ్లో కూలికి కుట్టేవాళ్లు. వాళ్లకు మామూలు జాకెట్టు వచ్చు. కావలసింది ప్రిన్సెస్ కట్, బోట్ నెక్, ప్యాడ్ పెట్టిన జాకెట్టు. అవి వస్తే ఒక్కో దానికి కూలి ఎక్కువ పలుకుతుంది.

ఆ యూట్యూబు భయానికీ అప్పుడే జవాబు దొరికింది. యూట్యూబు కటింగ్ చూపిస్తుంది గానీ, మీరు కోసిన ముక్క చూడదు. ముడత ఎందుకొచ్చిందో చెప్పదు. మేము అమ్ముతున్నది వీడియో కాదు, తప్పు దిద్దడం.

కుట్టుకూలినే కొలబద్దగా పెట్టుకున్నాం. ఇంట్లో కుట్టుకునేవాళ్లకు నెలకు 150, అంటే జాకెట్టు కూలిలో సగం. ఒక్క జాకెట్టు కుట్టుకుంటే డబ్బు తిరిగొచ్చేసి ఇంకో 150 చేతిలో ఉంటుంది. కూలికి కుట్టేవాళ్లకు 350. వాళ్లకు వారానికి ఒకసారి వీడియో కాల్‌లో వాళ్లు కోసిన గుడ్డే చూసి దిద్దుతాం. సందేహాలు అందరికీ రాత్రి 7 నుంచి 8 వరకే. ఆ తర్వాత టైలరక్క ఫోన్ ఆమె ఇష్టం. ఈ గంట నియమం పెట్టినప్పుడు సగం మంది పోతారనుకున్నాం, ఒక్కరూ పోలేదు. నెలకు 100 గంటల పని 64కి దిగింది. ధర అంటే అంకె ఒక్కటే అనుకుంటాం గానీ, ఎన్ని గంటలు ఇస్తామన్నది కూడా ధరే.

జాకెట్టు చెయ్యి కుదరడానికి ఎవరికైనా మూడు నెలలు పడుతుంది. అందుకని మూడు నెలలకు కలిపి కడితే 450 బదులు 400 అన్నాం. మధ్యలో మానేసేవాళ్లు బాగా తగ్గారు. ఏడాదికి కూడా పెట్టమని కొందరు అడిగారు, పెట్టలేదు. ముందుగా తీసుకున్న డబ్బు ఆదాయం కాదు, అప్పు. రేపు టైలరక్కకు జ్వరమొస్తే అందరికీ తిరిగి ఇవ్వాలి. మూడు నెలల డబ్బు కూడా మేము ఒకేసారి ఖర్చు పెట్టం, నెలకు మూడో వంతే ఆదాయంలో రాస్తాం.

చిన్న చిన్న విషయాలు కొన్ని గబగబా చెప్పేస్తాను. పాతవాళ్లను 49 మీదే ఉంచి కొత్తవాళ్లకు 150 అన్నాం మొదట్లో. ఒకామె గ్రూపులోనే "నాకు 49 కదా" అని పెట్టింది. ఆ రాత్రి మా పని అయిపోయింది. ధర మార్చాలంటే నెల ముందు అందరికీ ఒకేసారి చెప్పండి, పాతవాళ్లకు ఒక గడువు పెట్టండి, గడువు తర్వాత అందరికీ ఒకటే. మా సంఘం సభ్యులకు ఉచితం అన్నాం, ఎవరూ క్లాసు చూడలేదు. 50 పెట్టాక చూస్తున్నారు. భర్త లేక ఒంటరిగా ఉన్నవాళ్లకు అయిదు సీట్లు ఉచితంగా ఉంచాం, అవి ఎవరివో సంఘం మీటింగులో తప్ప బయట చెప్పం. మార్గశిరంలో గురువారం క్లాసు పెట్టి భంగపడ్డాం. విశాఖలో ఉండి, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారిని మర్చిపోయిన మాదే తప్పు. ఆషాఢంలో బట్టల షాపుల్లాగా తగ్గింపు పెట్టమన్నారు. పెట్టలేదు. తగ్గింపుకి వచ్చినవాళ్లు మళ్లీ తగ్గింపు కోసమే చూస్తారు. కొత్త బ్యాచి మాత్రం ప్రతి ఆషాఢంలోనే మొదలుపెడతాం.

డబ్బు కట్టించుకునే దారి మీద కూడా అడుగుతున్నారు. యూట్యూబులో మెంబర్‌షిప్ పెడితే వచ్చిన దాంట్లో 30 శాతం వాళ్లే తీసుకుంటారు. 150లో 45 పోతుంది. పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే మామూలుగా 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 150కి మూడున్నర రూపాయలు. 2020 నుంచి యూపీఐలో ఆటోపే కూడా ఉంది, కోత పడే ముందు రోజే మెసేజి రావాలన్నది రూలు. అయినా మేము ఆటోపే పెట్టలేదు. మన వాళ్లలో చాలామంది ఖాతాకు భర్త ఫోనో, కొడుకు ఫోనో కలిపి ఉంటుంది. ఆ మెసేజి ముందు వాళ్లకు వెళ్తుంది. మళ్లీ "అడగాల" అన్న దగ్గరికే వస్తాం. కాబట్టి 10వ తేదీ లోపు ఎవరికి వాళ్లు ఫోన్‌పే చేస్తారు, లేదా చేతికిస్తారు, మా లెక్కలు రాసే చెల్లి టిక్కు పెట్టుకుంటుంది. ఇంట్లో జీతం ఆలస్యమైన నెలలో ఎవరైనా చెప్తే 25 వరకు ఆగుతాం. చెప్పకపోతే ఆగం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి భయపడకండి, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ మాట.

పోయిన నెల లెక్క చదివి వినిపిస్తాను. 150 వాళ్లు 52 మంది, 7,800. 350 వాళ్లు 14 మంది, 4,900. మొత్తం 12,700. టైలరక్కకు గంటకు 110 చొప్పున 64 గంటలకు 7,040. లెక్కలు రాసి వసూలు చూసే చెల్లికి 1,500. రీఛార్జి, గుడ్డ, చార్టులు 1,700. మిగిలింది 2,460, సంఘం నిధిలో వేశాం. మా సభ్యుల 50 రూపాయలు ఇందులో కలపలేదు, అది వేరే పద్దు. గంటకు 110 ఎందుకంటే జాకెట్టు కుడితే వచ్చే 100 కంటే కొంచెమైనా ఎక్కువ ఉండాలి, లేకపోతే ఆమె మిషన్ వదిలి ఫోన్ ముందు ఎందుకు కూర్చోవాలి? ఊళ్లో జాకెట్టు కూలి పెరిగినప్పుడు ఆమె గంట కూడా పెరుగుతుందని తీర్మానంలో రాశాం. అప్పుడు 150ని ఏం చెయ్యాలో మళ్లీ కూర్చోవాలి. గొడవ తప్పదు.

పెదగంట్యాడ ఆమె సంగతి చెప్పి దిగిపోతాను. 150 అన్నాక తిరిగి వచ్చింది. ఆరు నెలలకు మిషన్ కొనుక్కుని 350 క్లాసుకు మారింది. అప్పుడు ఇంట్లో అడిగావా అంటే "నా కూలి డబ్బులే, ఎవర్నడగాల?" అంది. పోయిన వారం ఫోన్ చేసి, బోట్ నెక్‌కి తనకు తెలిసిన సులువైన కటింగ్ ఒకటుందని, కావాలంటే మన క్లాసులో చెప్తానని అంది. సంతోషం, రా అన్నాం. "గంటకెంతిస్తారు?" అంది. 110 అన్నాం. "ఆలోచించి చెప్తాను" అని పెట్టేసింది. ఇంకా చెప్పలేదు.